మన షుగర్ మీద ప్రశ్నలు వేసే డాక్టర్లు మన దగ్గరే తయారవ్వాలి

మీ ఇంట్లో ఎవరో ఒకరు షుగర్ మాత్ర వేసుకుంటూనే ఉంటారు. ఆ మాత్ర ఎంత మోతాదులో వాడాలి, పరగడుపున షుగర్ ఎంత దాటితే మందు పెంచాలి, గర్భిణికి ఎప్పుడు పరీక్ష చేయాలి... ఇవేవీ డాక్టరు తన ఊహతో చెప్పడు. ఎక్కడో ఎవరో వందల మందినో, వేల మందినో ఏళ్ల తరబడి గమనించి, లెక్కలు రాసి తేల్చిన విషయాన్నే మీకు చెబుతాడు. ఆ పనినే పరిశోధన అంటాం. అందులో కాళ్లరిగేలా తిరిగి, రక్తం నమూనాలు తీసి, రాత్రిపూట కూర్చుని అంకెలు ఎక్కించేది ఎక్కువగా యువ వైద్యులు, యువ శాస్త్రవేత్తలే.

ఈ పేజీలో సాధారణంగా ఏం తినాలి, ఎంత నడవాలి అని చదువుతుంటారు. ఈ వారం మాత్రం ఆ సలహాలన్నీ ఎక్కడి నుంచి వస్తాయో, వాటిని తయారుచేసే యువతీ యువకులు ఎలా తయారవుతున్నారో చెప్పాలనుకుంటున్నాను. ‘అది డాక్టర్ల గొడవ, మాకెందుకు’ అని పేజీ తిప్పేయకండి. ఆ పని సరిగ్గా జరగకపోతే నష్టపోయేది మీరే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షుగర్, థైరాయిడ్ లాంటి వినాళ గ్రంథుల జబ్బుల మీద పరిశోధన నేర్చుకునే యువ వైద్యులకు శిక్షణ నగరంలోని పెద్దాసుపత్రి నాలుగు గోడల మధ్యే ముగిసిపోకూడదు. అందులో కొంత భాగం నారాయణఖేడ్ లాంటి చోట జరగాలి. అందుకు కావాల్సిన మెట్లు చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపేవారే లేరు.

బయటి లెక్క మనకు సరిపోదు

ముందు ఒక ఉదాహరణ చూడండి. షుగర్ వచ్చే ముందు దశను ప్రీడయాబెటిస్ అంటారు. ఆ దశలో ఉన్నవారు బరువు తగ్గి, నడక పెంచితే షుగర్ రాకుండా ఆపవచ్చా? అమెరికాలో ఈ ప్రశ్న మీద పెద్ద అధ్యయనం జరిగింది. 2002లో ఫలితాలు వచ్చాయి. జీవనశైలి మార్చుకున్నవారిలో షుగర్ ముప్పు 58 శాతం తగ్గింది. ఆ అంకె ప్రపంచమంతా మారుమోగింది.

మన దేశంలో అదే ప్రశ్నను చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం వేసింది. 531 మందిని తీసుకుని సుమారు మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మన దగ్గర ముప్పు తగ్గింది 28.5 శాతమే. పైగా ఏ చికిత్సా ఇవ్వనివారిలో మూడేళ్లు గడిచేసరికి 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. వీరు అమెరికా వారంత లావుగా లేరు. అయినా వారికన్నా వేగంగా షుగర్‌లోకి జారిపోయారు.

అర్థమైంది కదా? ప్రశ్న ఒకటే, జవాబు వేరు. చెన్నైలో ఆ పని జరగకపోయి ఉంటే 58 శాతం అన్న అంకెనే మనకూ వర్తిస్తుందని చెప్పుకుంటూ ఉండేవాళ్లం.

ఇక ఇప్పటి పరిస్థితి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అండతో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ‘ఇండియాబ్’ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2008 నుంచి 2020 వరకు దేశమంతటా తిరిగి, 20 ఏళ్లు దాటిన 1,13,043 మందిని పరీక్షించారు. ఆ లెక్కన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు. పట్టణాల్లో షుగర్ 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. ప్రీడయాబెటిస్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం పల్లెకూ పట్నానికీ దాదాపు తేడా లేదు. రెండు చోట్లా 15 శాతం చొప్పునే ఉంది. అంటే రాబోయే ఏళ్లలో షుగర్ రోగులు పెద్ద సంఖ్యలో పెరిగేది పల్లెల్లోనే.

ఈ సర్వే ‘ఎంతమంది’ అన్నది చెప్పింది. పల్లెలో ఆ రోగికి ఏ వైద్యం ఎలా చేస్తే పనికొస్తుందో చెప్పడం దాని పని కాదు. అది పల్లెలో ఉండి తేల్చుకోవాల్సిన విషయం.

మన పల్లెల్లోనే జరిగిన గొప్ప పని

‘పల్లెల్లో పరిశోధనా? అయ్యే పనేనా?’ అని మీకు అనిపించవచ్చు. అయింది. మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే అయింది.

1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) నగరానికి దగ్గర్లోని 29 పల్లెలను ఎంచుకుంది. 15 పల్లెల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందేది. మిగతా 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. తల్లులకు ఆహారం ఇస్తే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అన్నది అప్పటి ప్రశ్న. పని ముగిసింది. రిజిస్టర్లు మూలన పడిపోవాల్సిన సమయం.

పడిపోలేదు. 2003–05లో పరిశోధకులు మళ్లీ ఆ పల్లెలకే వెళ్లారు. అప్పుడు పుట్టిన పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చారు. 1,165 మందిని పరీక్షించారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ అదనపు ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే షుగర్‌కు దారితీసే గుణం, సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసుదనమూ తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీన్ని ప్రచురించింది. ఆ తర్వాత కూడా పరిశోధకులు అవే పల్లెలకు మళ్లీ మళ్లీ వెళ్లి, అవే కుటుంబాలను, వారి తల్లిదండ్రులను కూడా కలుపుకుని పరీక్షిస్తూ వచ్చారు.

గర్భిణికి పెట్టే ముద్ద బిడ్డకు పదిహేనేళ్ల తర్వాత షుగర్ ముప్పును ప్రభావితం చేయవచ్చన్న ఆధారం మన తెలుగు పల్లెల నుంచి వచ్చిందని ఎందరికి తెలుసు?

పుణెలోనూ ఇలాంటిదే జరిగింది. కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993 నుంచి పుణె సమీపంలోని ఆరు పల్లెల గర్భిణులను గమనించారు. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డల బరువు 3.5 కిలోలు. మన బిడ్డ చూడటానికి బక్కగా ఉన్నా చర్మం కింద కొవ్వు మాత్రం ఆ తెల్ల బిడ్డకు దాదాపు తీసిపోలేదు. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. బక్కపలచగా కనిపించే మన వాళ్లకు షుగర్ ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇదొక పెద్ద ఆధారం.

ఈ రెండు చోట్లా కనిపించేది ఒకటే. కొత్త యంత్రం కన్నా ముఖ్యంగా అక్కడ ఒక మంచి ప్రశ్న ఉంది, జాగ్రత్తగా రాసిన రిజిస్టరు ఉంది, అదే పల్లెకు మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక ఉంది.

ఖేడ్ ఓపీలో జవాబు దొరకని ప్రశ్నలు

ఇక మా ప్రాంతం సంగతి. నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉంది. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్, కల్హేర్... చుట్టూ పల్లెలు, తండాలు. వానను నమ్ముకున్న సేద్యం. ఒకే ఓపీ వరుసలో తెలుగు, లంబాడీ, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. ఇక్కడ షుగర్ క్లినిక్‌లో కూర్చునే ఏ యువ డాక్టరుకైనా మొదటి నెలలోనే నాలుగు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏ పాఠ్యపుస్తకంలోనూ వాటికి పూర్తి జవాబు లేదు.

ఒకటి, వలస. దసరా, దీపావళి దాటాక ఎన్నో కుటుంబాలు చెరకు కోతకు వెళ్లిపోతాయి. తెల్లవారుజామునే పని మొదలు. తిండికి వేళాపాళా ఉండదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. కొడవలి పట్టుకుని ఎండలో ఉన్న మనిషికి షుగర్ ఒక్కసారిగా పడిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ భయంతో కొందరు మందే మానేస్తారు. నెలల తర్వాత మానని కాలి పుండుతో తిరిగి వస్తారు. వలస వెళ్లే మనిషికి ఏ మాత్ర, ఎన్ని నెలలకు, ఏ జాగ్రత్తలతో ఇవ్వాలి?

రెండు, ఇన్సులిన్. వాడుతున్న సీసాను సాధారణంగా 25–30 డిగ్రీలు దాటని చోట ఉంచి సుమారు నాలుగు వారాల్లో వాడేయాలని చెబుతాం. మే నెలలో మా దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో ఇన్సులిన్ దాచుకోమంటాం. ఆ కుండలో మధ్యాహ్నం మూడు గంటలకు నిజంగా ఎన్ని డిగ్రీలు ఉంటోంది? రేకుల ఇంట్లో ఎంత, పెంకుటింట్లో ఎంత? చిన్న థర్మామీటరు, ఒక నోటు పుస్తకం, ఒక వేసవి చాలు తేల్చడానికి.

మూడు, రక్తహీనత. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల మీద ఆధారపడి ఉంటుంది. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ఎర్రకణాలు తొందరగా విరిగిపోయే జబ్బుల్లో తక్కువగా కనిపించవచ్చు. రక్తహీనత ఇంటింటా ఉన్న మన ఆడవాళ్లలో ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

నాలుగు, బక్కపలచని యువకుడి షుగర్. వయసు పాతిక, బరువు నలభై కిలోలు, షుగర్ మాత్రం నాలుగొందలు. ఇది టైప్-1 షుగరా? క్లోమం చెడిపోవడం వల్ల వచ్చిందా? లేక చిన్నప్పటి నుంచి తిండి చాలక వచ్చిందా? పోషకాహార లోపంతో ముడిపడిన ఈ చివరి రకాన్ని 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ‘టైప్-5’ పేరుతో గుర్తించింది. ఆ గుర్తింపు వెనక వెల్లూరు సీఎంసీ వైద్యుల పరిశోధన ఉంది. దశాబ్దాల పాటు పేదల షుగర్‌గా పక్కన పడి ఉన్న జబ్బు ఇది. ఇలాంటి యువకులు వెల్లూరు ప్రయోగశాలలో పుట్టరు. మా ఓపీ లాంటి చోట వరుసలో నిలబడతారు. వారిని గుర్తుపట్టి, వివరాలు రాసిపెట్టే కన్ను అక్కడ ఉండాలి.

యువ డాక్టరు ఎక్కడ ఆగిపోతున్నాడు?

ఇప్పుడు మీకు ఆ యువ డాక్టరు సంగతి చెబుతాను. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు ఎండీ. షుగర్, హార్మోన్ల వైద్యంలో స్పెషలిస్టు కావాలంటే ఆ తర్వాత ఇంకో పోటీ పరీక్ష రాసి మూడేళ్లు డీఎం ఎండోక్రైనాలజీ చదవాలి. ఉస్మానియా, నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల ఆ కోర్సు ఉంది. అంతా ముగిసేసరికి వయసు ముప్పై దాటుతుంది. పెళ్లి, పిల్లలు, చదువుకు చేసిన అప్పు అన్నీ ఆ వయసులోనే.

ఎండీలో ప్రతి ఒక్కరూ ఒక థీసిస్ రాయాలి. అంటే నిబంధన ప్రకారం ప్రతి పీజీ ఒక పరిశోధకుడే. ఆచరణలో ఏం జరుగుతోంది? చేరిన కొన్ని నెలలకే అంశం రాసివ్వాలి. పాతవాళ్ల జాబితాలోంచి ఏదో ఒకటి ఎంచుకుంటారు. వార్డు డ్యూటీ, నైట్ డ్యూటీ, ఎమర్జెన్సీ మధ్య దొరికిన టైములో కేసులు రాస్తారు. గణాంకాల లెక్క బయట డబ్బులిచ్చి చేయిస్తారు. బైండింగ్ చేయించి అప్పగిస్తారు. ఆ థీసిస్ లైబ్రరీ బీరువాలోకి వెళ్తుంది. మళ్లీ ఎవరూ తెరవరు. మరుసటి ఏడాది ఇంకొకరు అదే ప్రశ్నను మొదటి నుంచి మొదలుపెడతారు.

ఉద్యోగంలో చేరాక ఇంకో ఒత్తిడి. ప్రమోషన్ కావాలంటే పేపర్లు అచ్చవ్వాలి. ఈ అవసరాన్ని కనిపెట్టి, డబ్బు కడితే చాలు ఏదిచ్చినా వారంలో అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. మంచి ప్రశ్న మీద మూడేళ్లు కష్టపడిన యువతికీ, అలాంటి పత్రికలో మూడు పేపర్లు వేయించుకున్న వ్యక్తికీ కాగితం మీద తేడా కనిపించకపోతే, తర్వాత వచ్చేవారు ఏ దారి పడతారో ఊహించండి.

వయసు చిన్నదైతే పెద్ద పని చేయలేరన్నది తప్పు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టే పనిలో దిగిన చార్లెస్ బెస్ట్‌కు అప్పుడు 22 ఏళ్లు. అప్పుడే డిగ్రీ ముగించిన విద్యార్థి. ఆయన ఎవరికి సాయంగా చేరారో ఆ ఫ్రెడరిక్ బాంటింగ్‌కు 29 ఏళ్లు, అంతకుముందు పరిశోధన అనుభవం పెద్దగా లేదు. 1922 జనవరిలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఇక్కడ మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. వాళ్లకు ప్రయోగశాల ఇచ్చి దారి చూపిన ప్రొఫెసర్ మెక్లియాడ్ ఉన్నారు. మందును మనిషికి ఎక్కించగలిగేంత శుద్ధి చేసిన కొలిప్ ఉన్నారు. యువకుల ఉత్సాహానికి చోటు, సమయం, చేయి పట్టుకునే పెద్దదిక్కు తోడయ్యాయి. మన పిల్లలకు ఉత్సాహం కొరవలేదు. మిగతా మూడే అందడం లేదు.

మెట్లు ఉన్నాయి, కలపాలి

అన్నీ కొత్తగా మొదలుపెట్టాల్సిన పనిలేదు. ఉన్నవి చూడండి.

ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ 1979 నుంచి ‘షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్’ నడుపుతోంది. రెండు నెలల చిన్న పరిశోధన, దానికి కొంత స్టైపెండ్. పీజీలంతా చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ కోర్సు చదివి పరిశోధన ప్రాథమిక పాఠాలు నేర్చుకోవాలన్న నియమం ఉంది. షుగర్ పరిశోధన కోసమే 1972లో ఏర్పడిన ఆర్‌ఎస్‌ఎస్‌డీఐ అనే వైద్యుల సంఘం యువ వైద్యులకు గ్రాంట్లు ఇస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ. 2021లో చేరిన బ్యాచ్ నుంచి ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలి. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. 

ఆ మూడు నెలలు చాలాచోట్ల ఖాళీలు పూడ్చే డ్యూటీగానే గడిచిపోతున్నాయి. దాన్నే శిక్షణగా మార్చవచ్చు. అందుకు నేను అడిగేవి అయిదే.

మొదటిది, ప్రశ్నల పుస్తకం. ప్రతి ఏరియా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు తమకు జవాబు దొరకని ప్రశ్నలను ఒక చోట రాయాలి. పీజీలు థీసిస్ అంశాన్ని పాత జాబితా నుంచి కాకుండా అందులోంచి ఎంచుకోవాలి.

రెండోది, సమయం. జిల్లాలో ఉన్న పీజీకి వారంలో ఒక పూట పరిశోధనకే కేటాయించాలి. డ్యూటీ చార్టులోనే అది రాసి ఉండాలి. నోటిమాటగా ఇచ్చిన పూట మొదటి రద్దీ రోజునే పోతుంది.

మూడోది, ఇద్దరు గైడ్లు. కాలేజీలో ఎండోక్రైనాలజీ తెలిసిన ప్రొఫెసర్ ఒకరు, స్థానిక ఫిజీషియన్ ఒకరు. వీరితోపాటు నెలకోసారి ఫోన్లోనైనా దొరికే గణాంకాల నిపుణుడు. ప్రశ్న ఎక్కడుందో స్థానిక డాక్టరుకు తెలుసు, దాన్ని ఎలా తేల్చాలో ప్రొఫెసరుకు తెలుసు. యువ డాక్టరు ఇద్దరి దగ్గరా నేర్చుకోవాలి.

నాలుగోది, కొనసాగింపు. ఒక బ్యాచ్ మొదలుపెట్టిన రిజిస్టరును తర్వాతి బ్యాచ్ అందుకోవాలి. మూడేళ్లలో ముగ్గురు వేరువేరుగా యాభై మంది చొప్పున చూసిన దానికన్నా, ముగ్గురూ కలిసి అదే నూట యాభై మందిని మూడేళ్లు చూసింది విలువైనది. 29 పల్లెల కథ చెప్పేది అదే.

అయిదోది, కొలమానం. ఎన్ని పేపర్లు వేశారని లెక్కపెట్టడం ఆపి, ప్రశ్న ఏమిటి, ఎలా తేల్చారు, దాంతో ఆసుపత్రిలో ఏం మారింది అని అడగాలి. కుండ ఉష్ణోగ్రత కొలిచిన ఒక పీజీ వల్ల తండాలో ఇన్సులిన్ వాడే పిల్లాడికి సరైన సలహా దొరికితే, అది ప్రమోషన్‌కు లెక్కలోకి రావాలి.

రెండు అభ్యంతరాలు

‘ఉన్న రోగులను చూడటానికే డాక్టర్లు చాలడం లేదు, మళ్లీ పరిశోధనా?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఓపీ వదిలేసి కూర్చోమని నేను అనడం లేదు. రోజూ చూసే రోగినే క్రమపద్ధతిలో చూడమంటున్నాను. ప్రతి షుగర్ రోగి పాదాన్ని సన్నని నైలాన్ తీగతో పరీక్షించి, స్పర్శ ఉందో లేదో రాయడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అది వైద్యమూ అవుతుంది, పరిశోధనకు సమాచారమూ అవుతుంది. పైగా నేర్చుకునే వాతావరణం ఉన్నచోటే యువ డాక్టరు నిలబడతాడు. కేవలం డ్యూటీ మిగిలిన చోటి నుంచి ఎప్పుడు వెళ్లిపోదామా అని చూస్తాడు. మా లాంటి ఊళ్లకు డాక్టర్లు రావడం లేదని బాధపడేవారు ఈ కోణం కూడా చూడాలి.

రెండోది మీ నుంచి వచ్చే భయం. ‘పేదోళ్ల మీద ప్రయోగాలు చేస్తారా?’ ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే నియమాలు ఉన్నాయి. ఏ పరిశోధన అయినా ఎథిక్స్ కమిటీ అనుమతి పొందాకే మొదలవ్వాలి. కొత్త చికిత్సను పరీక్షించే ట్రయల్ అయితే దేశవ్యాప్త రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి. ఏం చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, మీ సమ్మతి తీసుకోవాలి. లంబాడీ మాట్లాడే అవ్వకు ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించడం సమ్మతి అనిపించుకోదు. వద్దు అనే హక్కు, మధ్యలో మానుకునే హక్కు మీకు ఉంటుంది. వద్దన్నందుకు మీ వైద్యంలో ఏ లోటూ రాకూడదు. ఈ మర్యాదను పుస్తకంలో చదివితే రాదు. మీ లాంటి మనుషుల ఎదుట కూర్చుని నేర్చుకోవాలి. యువ డాక్టర్లను ఇక్కడికి పంపమనడానికి అదీ ఒక కారణమే.

మీ వంతు

మీరు షుగర్ రోగి అయితే మీ పాత చీటీలు, రిపోర్టులు పారేయకండి. తేదీలవారీగా ఒక కవరులో పెట్టి ప్రతిసారీ తీసుకురండి. వలస వెళ్లేముందు ఒకసారి ఆసుపత్రికి వచ్చి, ఎన్ని నెలలకు వెళ్తున్నారో, అక్కడ తిండి వేళలు ఎలా ఉంటాయో చెప్పండి. మందు మానేసి ఉంటే దాచకండి. ‘రోజూ వేసుకుంటున్నా’ అని చెప్పే అబద్ధం మీ వైద్యాన్నీ, మా లెక్కనూ రెండింటినీ తప్పుదారి పట్టిస్తుంది. ఎవరైనా యువ డాక్టరు మీ వివరాలు రాసుకుంటానంటే, ఎందుకు, ఏం చేస్తారు, ఫలితం మాకు చెబుతారా అని అడగండి. జవాబు నచ్చితే సహకరించండి. ఆరు నెలల తర్వాత ఫలితం ఏమైందని మళ్లీ అడగండి. అలా అడిగే రోగి ఉన్నచోట థీసిస్ బీరువాలో పడి ఉండదు.

మీ పిల్లలు మెడిసిన్ చదువుతుంటే ‘పరిశోధన ఎందుకు, ప్రాక్టీసు పెట్టుకో’ అని మొదట్లోనే ఆపకండి. రెండు నెలల స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోమనండి.

ఇక ఇది చదువుతున్న పీజీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. జిల్లాకు పోస్టింగ్ పడిందని నిరాశపడకండి. వచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. మొదటి వారం మందుల గురించి కాకుండా, రోగి ఉదయం ఎన్నింటికి లేస్తాడో, మొదటి ముద్ద ఎప్పుడు తింటాడో, ఇన్సులిన్ ఎక్కడ పెడతాడో అడిగి రాసుకోండి. నెల తిరిగేలోపు మీ థీసిస్ ప్రశ్న ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. అది తీసుకుని మీ గైడ్ దగ్గరకు వెళ్లండి.

(వ్యాసకర్త నారాయణఖేడ్‌లో ప్రభుత్వ వైద్యులు, ఎండీ జనరల్ మెడిసిన్)